తల దువ్విన ఆంప్లిఫైయర్

పెట్టె వెనక మరలు తీసి, లోపలి రేకు తొట్టెను బల్ల మీద బోర్లించగానే మొదట వచ్చేది వాసన. ట్రాన్స్‌ఫార్మరుకు పూసిన వార్నిషు, పాత టంకం, వేడికి మాడిన దుమ్ము. ఆ వాసన పీల్చిన తర్వాతే కళ్లు పనిలోకి దిగుతాయి. ఏ పెట్టె వాసన దానిదే. కాలిన ట్రాన్స్‌ఫార్మరును నేను మీటరు పెట్టకముందే పోల్చుకునేవాణ్ణి. అయినా మీటరు పెట్టేవాణ్ణి.

హిందూపురంలో నా బల్ల ఖాళీ చేసి ఏడాది దాటింది. ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లు ఇప్పటికీ ఫోన్ చేస్తారు. ఏ మీటరు కొనాలి, ఏ కంపెనీ వాల్వు మంచిది అని అడుగుతారు. ఆ సంగతులు మీ చేతిలో ఉన్న ఫోనే నాకంటే బాగా చెబుతుంది. అది చెప్పని కొన్నింటిని ఇక్కడ రాస్తున్నాను. అందులో ఎక్కువ భాగం నేను చేసిన ఒక తప్పు గురించే.

పని ఏమిటో తెలియనివారికి ఒక మాట. గాజు బుడ్డిలాంటి వాల్వులతో నడిచే ఆంప్లిఫైయర్లు రేడియోల్లో, మైకు సెట్లలో ఎప్పుడో పోయాయి. గిటారు వాయించేవాళ్లు మాత్రం వాటిని వదల్లేదు. తీగను గట్టిగా మీటితే వాల్వు కొద్దిగా అలసిపోయి, గొంతు బొంగురుపోయినట్టు పలుకుతుంది. వాళ్లకు ఆ బొంగురే కావాలి. అందుకోసం ఇలాంటి పెట్టెలను ఒక్కొక్కటిగా చేత్తో కట్టేవాళ్లు ఉన్నారు. ఫ్యాక్టరీ సరుకులో పది తెరిస్తే పదీ ఒకేలా ఉంటాయి. చేత్తో కట్టిన పెట్టెను తెరిస్తే ఒక మనిషి కనిపిస్తాడు. బెంగళూరు మాకు రైలు దూరమే కాబట్టి, వాల్వులు తెలిసినవాడు హిందూపురంలో ఒకడున్నాడని అక్కడ తెలిశాక, నా చివరి పన్నెండేళ్లూ ఈ పెట్టెలతోనే గడిచాయి.

ఖాదర్ సాబ్ ముడులు

నాకు పని నేర్పింది ఖాదర్ సాబ్. మార్కెట్ వెనక వీధిలో ఆయన రేడియోలు, మైకు సెట్లు బాగుచేసేవాడు. మా మైకు సెట్లు జాతరలకు కదిరికో తాడిమర్రికో ట్రాక్టరులో ఎగిరెగిరి పోయి రావాలి. లోపల వైరు వదులుగా ఉంటే తిరిగొచ్చేసరికి తెగిపోతుంది. అందుకని ఆయన ప్రతి వైరునూ తిన్నగా నడిపి, మూలల్లో మడిచి, మైనం పట్టించిన దారంతో అంగుళానికో ముడి వేసి కట్ట కట్టేవాడు. మూత తీస్తే లోపల జడ వేసినట్టుండేది.

నేను వదులుగా కడితే ఊరుకునేవాడు కాదు.

"ఏమబ్బా, ఇది వైరింగా, కోడి గీరిన కసువా?"

"గట్టిగానే కట్టినా సాబ్."

"గట్టిగా కట్టినావు, చక్కగా కట్టలేదు. తీయ్. మల్ల కట్టు."

మూడు నెలలు నాతో ముడులే వేయించాడు. తర్వాత ఆ ముడులు నా చేతికి అలవాటైపోయాయి. చూడకుండా వేసేవాణ్ణి. పెట్టె మూసేముందు లోపల ఒకసారి చూసుకుని సంతోషపడేవాణ్ణి.

ఆయన నేర్పింది తప్పని ఇప్పటికీ అనను. ట్రాక్టరులో తిరిగే మైకు సెట్టుకు అదే సరైన పని. ఆ అలవాటును, ఎందుకు పుట్టిందో మరిచిపోయి, ఇంకో రకం పెట్టెలోకి మోసుకుపోయింది నేను.

కరెంటు లేని గోదాము

బల్ల దగ్గర పని చేస్తూనే చాలా ఏళ్లు ఒక దినపత్రికకు హిందూపురం విలేకరిగా ఉన్నాను. పగలు రిపేర్లు, సాయంత్రం వార్తలు. అనంతపురం డెస్కులో ఒక పెద్దాయన ఉండేవాడు. ఆయన నన్ను మెచ్చుకున్న సందర్భం గుర్తులేదు. తిట్టినవి గుర్తున్నాయి.

ఒకసారి చింతపండు గోదాము కాలిపోయింది. వెళ్లి చూసి, షార్ట్ సర్క్యూట్ వల్ల మంటలు రేగాయని రాసి పంపాను. ఫోను వచ్చింది.

"షార్ట్ సర్క్యూట్ నువ్వు చూసినావా?"

"లేదు సార్. అందరూ అదే అంటాండారు."

"అందరూ అంటే ఎవురు?"

"ఆడ నిలబడినోళ్లు సార్."

"నువ్వు మెకానిక్కువి కదప్పా! మీటరు పెట్టకుండా రేడియో ఎందుకు చెడిపోయిందో చెప్తావా? మంట చూసినావు, మంట రాయి. ఆడ కాపురముండేవాళ్లతో మాట్లాడినావా?"

మాట్లాడలేదు. మళ్లీ వెళ్లాను. కాపలావాడి భార్య, మంటలు ఆర్పుతున్నంతసేపూ అందరికీ నీళ్లందించిన మనిషి, బిందెలు కడుగుతూ ఉంది. అడిగాను.

"షార్ట్ సర్క్యూటా? ఈ గోదాముకు కరెంటే లేదు కదన్నా," అంది.

ఆ మాట చెప్పడానికి ఆమె పొద్దున్నించి అక్కడే ఉంది. ఎవరూ అడగలేదు.

ఆ రోజు నుంచి నా నోటుపుస్తకంలో పేజీకి మధ్యన గీత గీసుకున్నాను. ఎడమవైపు చూసింది, కుడివైపు అనుకున్నది. వార్తలకే కాదు, పెట్టెలకూ అదే పుస్తకం. పెట్టె తెరిచాక, టంకం కడ్డీ వేడిచేసేముందు, ఎడమవైపు పేజీ నిండాలని నియమం పెట్టుకున్నాను. ఈ పనిలో నాకు పేరంటూ వచ్చిందంటే ఆ గీత వల్లే వచ్చింది. నేను బోర్లా పడ్డదీ దాన్ని నమ్ముకునే.

పెట్టెల లోపల

పెట్టె బయట ఎంత అందంగా ఉందో లోపల అంత బాగుంటుందని అనుకోవద్దు. ఒకసారి బెంగళూరు నుంచి ఒక పెట్టె వచ్చింది. తోలు తొడుగు, ఇత్తడి మూలలు. లోపల ముఖ్యమైన చోటంతా నల్లటి జిగురు పోసి కప్పేశారు. తన రహస్యం ఎవరూ చూడకూడదని కట్టినవాడి ఉద్దేశమట. రెండు రోజులు వేడిగాలితో ఆ జిగురు తీశాను. కింద ఉన్నవి ఏ అంగట్లోనైనా దొరికే మామూలు కండెన్సర్లు. దాచుకున్నది రహస్యం లేదన్న సంగతినే. జిగురు పోసేవాళ్ల పెట్టెను అనుమానంతో తెరవండి.

ఇంకొకాయన తన పెట్టె పీలగా పలుకుతోందని మూడుసార్లు వాల్వులన్నీ మార్చి నా దగ్గరికి తెచ్చాడు. అందులో స్పీకర్లు రెండు. ఒకదానికి వైర్లు తారుమారుగా ఉన్నాయి. ఒకటి గాలిని ముందుకు తోస్తుంటే ఇంకోటి వెనక్కి లాగుతోంది. రెండు వైర్లు మార్చాను. ఆయన గిటారు మీటి, నావైపు కోపంగా చూశాడు.

"ఇంతేనా?"

"ఇంతే."

"ఇంత చిన్నదానికి నేను వాల్వులు మార్చుకుంటా కూచుంటినా?"

"వాల్వులు కనబడతాయి సార్, మెరుస్తాంటాయి. అందరి చెయ్యీ మొదట ఆడికే పోతాది."

ఇంకో సంగతి. ఈ పెట్టెల్లో ప్రాణం తీసేంత వోల్టేజి ఉంటుంది. ప్లగ్గు పీకాక కూడా కండెన్సర్లలో నిలిచి ఉంటుంది. దాన్ని దింపేదాకా లోపల వేలు పెట్టవద్దు. ఆన్ చేసి చూడాల్సి వస్తే, కరెంటు గుండె మీదుగా పోకుండా ఎడమ చేయి వీపు వెనక పెట్టుకుని, కుడిచేత్తో పొడి వెదురు పుల్ల పట్టుకుని, దానితో తట్టుతూ, జరుపుతూ చూడండి. నా దగ్గర ఎన్నో పరికరాలుండేవి. వాటిలో అగరొత్తి కంటే కొంచెం లావైన ఆ పుల్ల విలువ వేరే దేనికీ లేదు.

ధర్మవరం పెట్టె

శైలజ పెనుకొండలో ఒక బడిలో లెక్కల టీచరు. ముప్పై దాటిన మనిషి. శని, ఆదివారాల్లో బెంగళూరు పోయి, మరో ముగ్గురితో కలిసి గిటారు వాయిస్తుంది. ఒకరోజు ఆటోలోంచి ఒక పెట్టె దించుకుని నా అంగడి మెట్లెక్కింది.

"సార్, ఇది మా నాయన కట్టింది. ఆయన పోయి మూడేండ్లు. వేడెక్కినాక చిటపటమంటాంది. వచ్చే ఆదివారం మా పాటల రికార్డింగు ఉండాది. ఈ పెట్టెతోనే చేయాలని నా ఆశ."

తండ్రి పేరు వెంకటరమణ. ధర్మవరం మనిషి, రైల్వేలో కరెంటు పనులు చూసేవాడు. గుంతకల్లు కాలనీలో ఉన్నప్పుడు పక్కింటి ఇంజను డ్రైవరు దగ్గర గిటారు నేర్చుకున్నాడు. రిటైరయ్యాక సొంతంగా ఈ పెట్టె కట్టుకున్నాడు. ఇలాంటిది ఇదొక్కటే. వేప చెక్క డబ్బా, స్పీకరు ముందు నేతలో మిగిలిన పలుచటి పట్టుగుడ్డ, రంపంతో కోసిన అల్యూమినియం రేకు.

"ఇది ఆన్ చేసి వాయిస్తే నాయన పక్కగదిలో ఉండి వింటాండినట్ల ఉంటాది సార్," అంది శైలజ. తర్వాత తన మాటకు తనే నవ్వుకుని, "మా పిల్లకాయలకు లెక్కలు చెప్పే నోటితో ఇట్లాంటివి చెప్పగూడదు," అంది.

ఆమె వెళ్లాక తెరిచాను. నోటుపుస్తకం తీసి ఎడమవైపు నాలుగు వాక్యాలు రాశాను. ఆ పేజీ ఇప్పటికీ నా దగ్గరుంది.

కట్టినది వెంకటరమణ. వాల్వులు అయిదు. వైరింగు గజిబిజి. ఒక వైరుకు ఎర్ర పట్టుదారం ముడి.

నాలుగూ చూసినవాటి కిందే రాశాను. వాటిలో నేను నిజంగా చూసినవి రెండే. పెట్టె ఎవరు కట్టారో శైలజ చెప్పింది, నేను చూడలేదు. గజిబిజి అన్నది నా అభిప్రాయం. ఇన్నేళ్లు గీత గీసుకున్నవాణ్ణి, ఆ రోజు గీతకు ఏ పక్కన రాస్తున్నానో చూసుకోలేదు.

చిటపట ఎక్కడిదో గంటలో దొరికింది. వేడెక్కితే నిలకడ తప్పే ఒక రెసిస్టెన్స్. దాన్ని మార్చాను. చప్పుడు పోయింది. మూత మూసి, శైలజకు ఫోన్ చేసి ఉంటే ఈ వ్యాసానికి పని ఉండేది కాదు.

మూయబోతూ లోపలికి చూశాను. వైర్లు అటూ ఇటూ పోతున్నాయి. అయిదంగుళాలు చాలే చోట తొమ్మిదంగుళాల వైరు వంపు తిరిగి వెళుతోంది. ఒకటి గాలిలో వంతెనలా లేచి ఉంది. ఖాదర్ సాబ్ నా భుజం మీంచి చూస్తూ కోడి గీరిన కసువు అంటున్నట్టే అనిపించింది. ఆడపిల్ల, తండ్రి గుర్తుగా దాచుకున్న వస్తువు, చక్కచేసి ఇద్దాం అనుకున్నాను. మనసులో దయే ఉంది. చేతుల్లో మాత్రం అలవాటు ఉంది.

సాయంత్రందాకా కూర్చుని, వైర్లన్నీ తిన్నగా చేసి, ఎక్కువైన పొడవును లోపలికి మడిచి, మైనపు దారంతో కట్టలు కట్టాను. ఆ ఎర్రదారం ముడి అడ్డమొస్తే కత్తిరించి ఊడ్చేశాను. తర్వాత ఆన్ చేశాను.

పెట్టె కేక పెట్టింది. కుక్క తోక తొక్కినట్టు ఒకటే అరుపు. పక్క అంగట్లో టీ తాగుతున్నవాళ్లు లేచి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు.

శైలజ విన్నది

ఏం జరిగిందో నాకు వెంటనే అర్థమైంది. గిటారు నుంచి వచ్చే బలహీనమైన సంకేతాన్ని తెచ్చే వైరునూ, దాన్ని ఎన్నో రెట్లు పెద్దదిగా చేసి బయటికి పంపే వైరునూ ఒకే కట్టలో పడుకోబెట్టాను. రెండోది మొదటిదాని చెవిలో అరుస్తోంది. మైకు సెట్టు కాబట్టి ఖాదర్ సాబ్ కట్టలు చెల్లాయి. అక్కడ తగినంత జాగా ఉండేది, లోహపు తొడుగున్న వైర్లు ఉండేవి. ఇక్కడ దూరమే రక్షణ. ఆ దూరాలను నేను దువ్వేశాను. ఏ వైరు ఎక్కడుండేదో బొమ్మ గీసుకోలేదు, ఫోటో తీసుకోలేదు.

రెండు రోజులు నాకు తెలిసినట్టు సర్దాను. అరుపు ఆగింది. పెట్టె మామూలుగా పలికింది. నేను ఇంతకుముందు దాన్ని వాయించి వినలేదు కాబట్టి తేడా నాకు తెలియదు. మారు మాట్లాడకుండా ఇచ్చేయవచ్చు. ఇచ్చేసి ఉంటే ఆమె తన చెవినే అనుమానించేది. అలా ఇచ్చేసే మెకానిక్కులను నేను చూశాను. వాళ్లు బాగానే బతుకుతారు.

గురువారం ఫోన్ చేసి రమ్మన్నాను. చేసిందంతా చెప్పాను. ఆమె గిటారు తగిలించి, నాలుగు స్వరాల ముక్క ఒకటి వాయించింది. మళ్లీ వాయించింది.

"బాగుండాది సార్."

"నిజం చెప్పమ్మా."

"బాగుండాది. యాడైనా దొరికే ఆంప్లిఫైయర్ మాదిరి బాగుండాది." గిటారు తీగల మీద అరచేయి పెట్టి శబ్దం ఆపేసింది. "నేను చిటపట తీయమంటి సార్. నాయన్ని తీయమనలేదు."

ఇన్నేళ్ల పనిలో నన్ను చాలామంది తిట్టారు. అవేవీ ఈ మాటంత లోపలికి దిగలేదు.

గిటారు పక్కన పెట్టి తనే అంది. "ధర్మవరంలో నాయన కాగితాలు ఒక ట్రంకు నిండా ఉండాయి. దాంట్లో బొమ్మ ఏమన్నా దొరుకుతాదేమో. ఆదివారం పొద్దునకు ఇది సరికాకుంటే రికార్డింగులో వేరే పెట్టె పెట్టుకోవల్ల. నాకది ఇష్టం లేదు."

శనివారం పొద్దున హిందూపురంలో పెట్టెతో సహా రైలెక్కాను. పెనుకొండలో ఆమె ఎక్కింది. పెట్టెను మా ఇద్దరి మధ్య సీటు మీద పెట్టుకున్నాం. ఎదురుగా కూర్చున్నాయన చాలాసేపు చూసి, "ఏమప్పా, దాంట్లో దేవుడుండాడా, అంత భద్రంగా పట్టుకుండారు?" అన్నాడు. శైలజ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

దారాలు వేసిన మనిషి

శైలజ తల్లి లక్ష్మీదేవమ్మ మగ్గాలకు పడుగు అతుకుతుంది. ధర్మవరం బయటివాళ్లకు ఇది తెలియకపోవచ్చు. మగ్గం మీద నిలువు దారాలు అయిపోవస్తే, పాత దారాల కొసలకు కొత్త దారాలను ఒక్కొక్కటిగా మెలిపెట్టి అతకాలి. వేల దారాలుంటాయి. ఒక్క దారం తన చోటు తప్పినా చీర పొడవునా గీత కనిపిస్తుంది. మేం వెళ్లేసరికి ఆమె పక్కింటి మగ్గం దగ్గర ఆ పనిలోనే ఉంది. మాకు టీ ఇచ్చి మళ్లీ వెళ్లిపోయింది.

ట్రంకులో కాగితాలు దొరికాయి. సర్క్యూటు బొమ్మ చక్కగా గీసి ఉంది. ఏది దేనికి కలవాలో అందులో ఉంది. ఏ దారిలో పోయి కలవాలో లేదు. మాకు కావలసింది ఆ దారే. శైలజ కాగితాలన్నీ రెండోసారి తిరగేసింది. మూడోసారి తిరగేస్తుంటే నేను తల తిప్పుకున్నాను.

పన్నెండు గంటలప్పుడు లక్ష్మీదేవమ్మ అన్నానికి వచ్చింది. నేల మీద బోర్లించి ఉన్న పెట్టె లోపలికి వంగి చూసింది.

"ఎవురప్పా దీనికి తల దువ్వింది?"

"నేనేనమ్మా," అన్నాను.

"దువ్వి జడ గూడా ఏసినావే. పూలు పెట్టేదొకటే తక్కువ." ఇంకొంచెం వంగింది. "నేనేసిన దారాలు ఇట్ల లేవే."

శైలజ చేతిలో కాగితం అలాగే ఉండిపోయింది. "నువ్వేసినవా? నాయన కదమ్మా కట్టింది?"

"మీ నాయన బొమ్మ గీసినాడు, రేకు కోసినాడు, టంకం పెట్టినాడు. దారాలు నడిపింది నేను. ఆయన యేళ్లు నువ్వు చూల్లేదా, ఎద్దు కొమ్ముల మాదిరి! ఆ సందులో దూరేవా?"

"నాకెప్పుడూ చెప్పలేదే!"

"నువ్వడిగితే కదా. హాస్టల్ నుంచి వస్తివి, పెట్టె బాగుండాది నాయనా అని ఆయనకు చెప్పి పోతివి. నేను గమ్మునుంటి."

గోదాము కాపలావాడి భార్య బిందెలు కడుగుతూ నాకు కళ్లముందు కనిపించింది. పొద్దున ఈ ఇంట్లోకి వచ్చి, ఈమె చేతి టీ తాగి, రెండు గంటలు కాగితాలు వెతికాను. ఈమెను ఒక్క మాట అడగలేదు.

లక్ష్మీదేవమ్మ అన్నం మాట మరిచిపోయి కత్తెర తెచ్చి నా ముడులన్నీ కత్తిరించింది. లోపలికి మడిచిన వైర్లను బయటికి లాగింది. ఒకదాన్ని సాగదీసి నాకు చూపించింది.

"ఇది ఇంత పొడుగు ఏంటికుండాదో ఆలోచన చేసినావా?"

"ఎక్కువ పెట్టినారు అనుకున్నానమ్మా."

"ఎక్కువెవురు పెడ్తారప్పా? నేను పట్టుతో పనిచేసేదాన్ని. జానెడు దారం పారేస్తే మా యత్త అన్నం పెడ్తాండ్లేదు. పొడుగుండాదంటే చుట్టు తిరిగి పోవల్ల అని."

వైరు పొడవే దాని దారి. అది రెండు రోజులు నా కళ్ల ముందే ఉంది. నేను దాన్ని అజాగ్రత్త అనుకున్నాను.

ఆమె ఒక్కొక్క వైరునూ దాని పొడవును బట్టి వంపు తిప్పుతూ పోయింది. రెండు వైర్లు దగ్గరికొచ్చిన చోట ఒకదాన్ని పైకి లేపి, ఇంకోదాని మీదుగా అడ్డంగా దాటించింది. గాలిలో వంతెన మళ్లీ లేచింది.

"పేక పడుగును అడ్డం దాటల్ల. పక్కన పండుకోగూడదు. పండుకుంటే అరుస్తాది. ఆ పొద్దు ఆయన గిటారు మోగిస్తాంటే నేను పుల్లతో జరిపిజరిపి చూస్తి."

"ఏ పుల్లమ్మా?"

లోపలికి పోయి తెచ్చింది. పడుగు దారాలను విడదీసే సన్నటి వెదురు పుల్ల. నా సంచిలోని పుల్లకు అక్కలా ఉంది.

చివరికి ఒక్క వైరు మిగిలింది. ఆమె దాన్ని వేళ్లతో తడిమింది.

"దీనికి ముడుండల్ల కదా. యాడ?"

"చెత్త అనుకుని తీసేసినానమ్మా."

ఆమె నావైపు చూసిన చూపులో కోపం లేదు. అతుకు తప్పిన కొత్త పనివాణ్ణి చూసినట్టు చూసింది. "దీన్ని జరపగూడదని ఏసిన ముడి అది. ఈ ఒక్కదాని చోటు కుదరను మాకు రెండు ఆదివారాలు పట్టె."

మాకు రెండు ఆదివారాలు లేవు. ప్లగ్గు పెట్టాను. ఎడమ చేయి వీపు వెనక పెట్టుకోమని ఆమెకు చెప్పబోతే, అప్పటికే పెట్టుకుని ఉంది. శైలజ గిటారు తగిలించుకుని గురువారం వాయించిన ఆ నాలుగు స్వరాలే మొదలుపెట్టింది. లక్ష్మీదేవమ్మ పుల్లతో వైరును వెంట్రుకంత జరిపింది. శబ్దం పీలగా అయింది. ఇంకొంచెం జరిపింది. గరగరమంది. వెనక్కి తెచ్చింది. నేను గోడకు ఆనుకుని కూర్చున్నాను. 

అవే నాలుగు స్వరాలు. ఎన్నిసార్లో లెక్క పెట్టలేదు. ఎదురింటి మగ్గం చప్పుడు ఆగి, ఎవరో గడప దగ్గరికొచ్చి నిలబడ్డారు. కొంతసేపటికి ఒక సంగతి గమనించాను. లక్ష్మీదేవమ్మ పెట్టెలోకి చూడటం లేదు. కూతురి ముఖం చూస్తోంది. పుల్ల దానంతటది కదులుతోంది.

ఒకచోట పుల్ల ఆగింది. "ఈడ."

శైలజ ఆ నాలుగు స్వరాలూ మరోసారి వాయించి, ఆపకుండా అయిదో స్వరంలోకి వెళ్లి, పాటంతా వాయించింది. ఆఖరి తీగను మోగనిచ్చి, అది పూర్తిగా ఆరిపోయేదాకా కదలకుండా కూర్చుంది. అప్పుడు నాకూ వినిపించింది. శబ్దం చివర్లో, ఊపిరి వదిలినట్టు, చిన్న బొంగురు. గురువారం అది లేదు.

"వచ్చినాడు," అంది తల్లితో.

పాట ఆగాక అడుగున సన్నగా గుయ్యిమనే చప్పుడు మిగిలింది. నా చెవి దాన్ని పట్టుకుంది. "ఆ హమ్ము ఒకటి తీసేస్తే," అని లేవబోయాను.

"కూచోప్పా," అంది లక్ష్మీదేవమ్మ. "అది మొదట్నుంచి ఉండేదే."

కూర్చున్నాను.

సవరణ

ప్లగ్గు పీకి, కండెన్సర్లలోని వోల్టేజి దింపాక, ఆమె మగ్గం దగ్గర్నించి దారం పోగు తెచ్చి ఆ వైరుకు మళ్లీ ముడి వేసింది. ఈసారి ఆకుపచ్చ. ఆ రోజు అతుకుతున్న చీర రంగు.

మూత బిగించేముందు నోటుపుస్తకం తీశాను. పత్రికలో తప్పు పడితే మర్నాడు లోపలి పేజీలో సవరణ వేసేవాళ్లం. కంటికి ఆనని అక్షరాల్లో, ఎవరూ చూడకపోతే బాగుండునన్నట్టు. నేనొక చీటీ మీద రాశాను:

"సవరణ. ఈ పెట్టెను వెంకటరమణ కట్టారని నా పుస్తకంలో రాసుకున్నాను. పెట్టె ఆయనది. వైర్లు నడిపినది ఆయన భార్య లక్ష్మీదేవమ్మ. ఇందులో గజిబిజి లేదు. ప్రతి వంపూ కావాలని వేసినదే. ఆకుపచ్చ ముడి ఉన్న వైరును కదిలించవద్దు."

మూత లోపలివైపు, తెరవగానే కనబడే చోట అంటించాను. లక్ష్మీదేవమ్మ కళ్లద్దాలు తెచ్చుకుని మెల్లగా, పైకి చదివింది. తన పేరు దగ్గర ఆగి ఇంకోసారి చదివింది.

"ఇంత చిన్నచ్చరాలతో రాసినావేమప్పా?" అంది.

చీటీ పీకేసి, పెద్ద అక్షరాలతో మళ్లీ రాసి అంటించాను.